సూర్యుడు లేని లోకం

పిల్లలూ! ఆకాశంలో కూడా దిమ్మరులున్నారని మీకు తెలుసునా? ఇల్లూ వాకిలీ లేకుండా ఊళ్ళు పట్టుకొని తిరిగేవాణ్ణి మనం దేశదిమ్మరి అంటాము. అలాగే ఏ సూర్యుని చుట్టూ తిరగక, చుక్కలకూ చుక్కలకూ మధ్యనున్న చీకటిలో ఒంటరిగా పోతూ ఉండే గ్రహాలు కొన్ని ఉన్నవి. వాటికి రాత్రే గాని పగలు లేదు. ఎండాకాలమూ వానాకాలమూ లేవు. వాటిని మనం దిమ్మరి గ్రహాలని పిలుచుకుందాము.

ఇటువంటి గ్రహాలను శాస్త్రజ్ఞులు కనిపెట్టక ముందే కథకులు ఊహించారు. 1951లో ఫ్రిట్జ్ లైబర్ అనే అమెరికా రచయిత "ఎ పెయిల్ ఆఫ్ ఎయిర్" అనే కథ రాశాడు. అంటే "బాల్చీడు గాలి" అన్నమాట. ఆ కథలో ఒక నల్లని చుక్క వచ్చి మన భూమిని సూర్యుని దగ్గర నుంచి లాగుకొని పోతుంది. చలికి గాలి కూడా గడ్డకట్టి, మంచులాగా నేలమీద పడిపోతుంది. ఒక చిన్న కుటుంబం దుప్పట్లతో కట్టుకున్న గూటిలో నిప్పు వేసుకొని కూర్చుంటుంది. ఇంటి పిల్లవాడు బయటకు పోయి గడ్డకట్టిన గాలిని బాల్చీతో తేవాలి. అది నిప్పు దగ్గర కరిగి ఆవిరి అయితే అందరూ దానిని పీల్చుకొని బతుకుతారు!

ఈ కథను నేను మా సిద్దిపేట పిల్లలకు చెప్పాను. ఉద్యోగం మానుకున్నా నా చుట్టూ పిల్లలు చేరడం మాత్రం మానలేదు. కథ అయిపోగానే ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి, "సారూ, నిప్పు ఎన్ని రోజులుంటది? సూర్యుడు లేకుండ ఏ ప్రాణి అయినా నిజంగ బతుకుతదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఇటువంటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం కంటె, సూర్యుడు చొరబడని చోటికి తీసుకుపోయి చూపడం మేలు. అందుచేత సంక్రాంతి సెలవులలో పదిమంది పిల్లలనూ, వారి పెద్దలు నలుగురినీ వెంటబెట్టుకొని బెలూం గుహలకు బయలుదేరాను.

సిద్దిపేట నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి నుంచి కర్నూలు మరి 210 కిలోమీటర్లు. కర్నూలు దాటి ఓర్వకల్లు, బేతంచర్ల, బనగానపల్లె మీదుగా పోతే కొలిమిగుండ్ల వస్తుంది. ఆ పక్కనే బెలూం గ్రామం. ఇది ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నది. బనగానపల్లె పేరు వినగానే పిల్లలకు మామిడిపండ్లు గుర్తుకు వచ్చినవి. కాని సంక్రాంతికి మామిడిపండ్లు ఎక్కడివి? పూత మాత్రం చూచి సంతోషించారు.

దారి పొడుగునా నేల మారుతూ వచ్చింది. మా సిద్దిపేట వైపు గుట్టలన్నీ గుండ్రాళ్ళను ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉంటవి. అది గ్రానైటు జాతి రాయి. బేతంచర్ల వైపు వచ్చేసరికి పొరలు పొరలుగా పలకలు పలకలుగా ఉన్న రాయి కనబడింది. అదే మన ఇండ్లలో నేలకు పరచుకునే నాపరాయి. నాపరాయి ఒక రకం సున్నపురాయి. గ్రానైటులో నీరు పగుళ్ళ వెంట జారిపోతుందే గాని రాయిని అంత తేలికగా కరిగించలేదు. సున్నపురాయి సంగతి వేరు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు లక్షల సంవత్సరాలు సున్నపురాతి సందులలో పారి, రాయిని కొంచెం కొంచెంగా కరిగించి తీసుకుపోతుంది. మిగిలిన ఖాళీయే గుహ.

బెలూం గుహ పొలాల నడుమ చదును నేలలో ఉన్నది. కొండ లేదు, గుట్ట లేదు. నేలలో బావుల్లాంటి గుంటలు కనబడతవి. వాటిలో ఒకదానిలోకి మెట్లు దిగితే అదే గుహకు ద్వారం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహను గురించి రాశాడు. తరువాత దాదాపు వంద సంవత్సరాలు దానిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1982, 1983 సంవత్సరాలలో డేనియల్ గెబౌర్ అనే జర్మను గుహాన్వేషకుడు తన బృందంతో వచ్చి గుహను కొలిచి పటం గీశాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు దాకా యాత్రికులు పోవచ్చును. ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖవారు దారులు వేసి, దీపాలు పెట్టి, 2002లో ప్రజలకు తెరిచారు.

లోపలికి పోయినకొద్దీ గాలి వెచ్చగా, తడిగా తగిలింది. పైన జనవరి చలి. లోపల చొక్కాలు చెమటతో తడిసినవి. కోటిలింగాలు, వేయి పడగలు, సప్తస్వరాల గుహ అని ఒక్కొక్క చోటికి ఒక్కొక్క పేరు. కోటిలింగాల దగ్గర పైకప్పు నుంచి సున్నపు ఊడలు వేలాడుతూ ఉన్నవి. చివరకు పాతాళగంగకు చేరుకున్నాము. ఇది ద్వారానికి 46 మీటర్ల లోతున ఉన్నది. ఇక్కడ ఒక సన్నని నీటిపాయ వచ్చి రాళ్ళలో మాయమవుతుంది. ఎండాకాలంలో కూడా ఇది ఎండదట.

దీపాలు లేని ఒక మూల దగ్గర నిలబడి మా చేతిదీపాలు ఆర్పివేయించాను. ఎవరి చేయి వారికే కనబడలేదు. ఇంట్లో రాత్రి దీపం ఆర్పినా కొంచెంసేపటికి కిటికీ, తలుపు మసకగా కనబడతవి. ఇక్కడ ఎంతసేపు చూచినా అంతే. "ఇదే సూర్యుడు లేని చోటు. ఇక్కడ ఎవరైనా ఉంటారా?" అని అడిగాను. "దయ్యాలు!" అన్నాడొక కుర్రవాడు. అందరూ నవ్వారు గాని, ఒకరి చేయి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

దయ్యాలు లేవు గాని, ప్రాణులున్నవి. గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో యేనుముల రంగారెడ్డిగారు అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు ఎన్నో ఏండ్లుగా ఆంధ్రదేశపు బావులలో, గుహలలో, ఏటి ఇసుకలలో నీటిని వలగుడ్డతో వడకట్టి చూచారు. ఆ నీటిలో రొయ్యకూ పీతకూ దూరపు చుట్టాలైన సన్నని జీవులు దొరికినవి. వాటిలో ఒక ప్రజాతికి 2011లో ఆంధ్రకాయిడిస్ అని మన ఆంధ్రదేశం పేరు కలిసేటట్లు నామకరణం చేశారు. ఆ ప్రజాతిలో బెలూం గుహకు చెందిన ఒక జాతికి, గుహ పటం గీసిన గెబౌర్ పేరు పెట్టారు. వీటికి కళ్ళు లేవు, ఒంటికి రంగు లేదు. చీకటిలో కళ్ళెందుకు? చూచేవారు లేనప్పుడు రంగెందుకు?

ఇంకొక వింత. వీటి దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉన్నవి! చీమంత ప్రాణి సముద్రం దాటి ఎట్లా పోయింది? పోలేదు. పన్నెండు పదమూడు కోట్ల సంవత్సరాల క్రిందటి వరకు మన దేశమూ ఆస్ట్రేలియా ఒకే భూఖండంలో కలిసి ఉండేవి. ఖండం చీలిపోయినప్పుడు చుట్టాలు కూడా విడిపోయారు. ఇవి అప్పటినుంచీ వస్తున్న వంశం.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికినట్లేనా? ఆమె కూడా, "అయితే సూర్యుడు లేకున్నా బతుకుతరన్నమాట!" అన్నది. నేను తొందరపడవద్దన్నాను. ఈ గుహ ప్రాణులు ఏమి తింటవో చూడాలి గదా! వానలకు పైనుంచి కొట్టుకొనివచ్చిన ఆకు ముక్కలు, కుళ్ళిన వేళ్ళు, గుహలలో గబ్బిలాలుంటే వాటి రెట్టలు, వీటి మీద పెరిగే సూక్ష్మజీవులు - ఇవీ గుహలోని తిండి. ఆకు ఎండలో పెరిగినది. గబ్బిలం తిన్న పురుగు ఆ ఆకును తిని పెరిగినది. కనుక ఈ గుహకు సూర్యుడు రాకపోయినా, సూర్యుడు పంపిన చద్దిమూట వస్తూనే ఉన్నది.

మీరు ఇంటి దగ్గర ఒక పరీక్ష చేయండి. తడిపిన పెసలు కొన్ని వెలుతురులోనూ, కొన్ని మూత పెట్టిన డబ్బాలోనూ ఉంచండి. రెండు చోట్లా మొలకలు వస్తవి. చీకటిలోని మొలక ఇంకా పొడుగ్గా లేస్తుంది. కాని అది పాలిపోయి, పసుపుపచ్చగా ఉండి, గింజలో దాచిన తిండి అయిపోగానే వాలిపోతుంది. "బాల్చీడు గాలి" కథలోని కుటుంబం కూడా ఇటువంటి మొలకే. వాళ్ళు కాల్చేది కట్టె అయినా బొగ్గు అయినా అది పాత ఎండే. మన సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏండ్ల క్రిందటి చెట్లు దాచిపెట్టిన ఎండ. వాళ్ళు పీల్చే ప్రాణవాయువు కూడా పచ్చని మొక్కలు ఒకప్పుడు విడిచినదే. దాచిన డబ్బు ఖర్చు చేసుకుంటూ కూర్చుంటే ఎన్నాళ్ళు?

మరి సూర్యుని చద్ది బొత్తిగా లేకుండా బతికేవారు ఎవరైనా ఉన్నారా?

1977లో శాస్త్రజ్ఞులు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో గలాపగోస్ దీవుల దగ్గర సముద్రంలో సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగారు. అక్కడ సముద్రం అడుగున వేడినీటి ఊటలున్నవి. వాటి చుట్టూ చీకటిలో గుంపులు గుంపులుగా ప్రాణులు! ఒక రకం పురుగులకు నోరు లేదు, పేగులు లేవు. వాటి ఒంటిలో సూక్ష్మజీవులు కాపురముంటవి. ఊట నీటిలో కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేసే గంధకపు వాయువు ఉంటుంది. సూక్ష్మజీవులు దానిని ప్రాణవాయువుతో కలిపి, ఆ శక్తితో తిండి తయారుచేసి, పురుగుకు పెడతవి. ఎండతో పని లేదు. కాని ఇక్కడ కూడా ఒక మెలిక ఉన్నది. ఆ ప్రాణవాయువు ఎక్కడిది? పైన ఎండలో పెరిగే మొక్కలు విడిచి, నీటిలో కరిగి దిగివచ్చినది. ఇక్కడికీ చద్దిమూట వచ్చిందన్నమాట!

ఇంకా లోతుకు పోదాము. దక్షిణాఫ్రికాలోని ఎంపోనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్ళలోని నీటిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని సంగతి 2008లో లోకానికి వివరంగా తెలిసింది. రాతిలోని యురేనియం మొదలైన వాటి కిరణాలు తగిలి నీరు విడిపోయి ఉదజని వస్తుంది. ఆ ఉదజనినీ, రాతిలోని గంధక లవణాలనూ వాడుకొని ఈ జీవి బతుకుతుంది. దానికి వెలుతురు అక్కరలేదు, ప్రాణవాయువు అక్కరలేదు. ఆ నీటిలో దాదాపు అది ఒక్కటే జాతి. దాని పేరులోని "ఆడాక్స్ వియేటర్" అంటే సాహస యాత్రికుడు. ఆ మాట జూల్స్ వెర్న్ 1864లో రాసిన, భూమి నడిబొడ్డుకు పోయే నవలలోనిది. కథకుని మాటను తీసి శాస్త్రజ్ఞులు నిజమైన యాత్రికునికి పెట్టారు.

కాబట్టి మన ప్రశ్నకు జవాబు: సూర్యుడు లేకుండా బతకవచ్చును. కాని అట్లా బతికేది ఏనుగు కాదు, మనిషి కాదు. భూతద్దానికి కూడా అందని సూక్ష్మజీవి.

ఇప్పుడు దిమ్మరి గ్రహం దగ్గరకు పోదాము. కొత్తగా గ్రహాలు ఏర్పడుతున్నప్పుడు పెద్ద గ్రహం లాగిన ఊపుకు చిన్న గ్రహం ఒడిసెల రాయిలాగా బయటకు ఎగిరిపోవచ్చును. 2013లో హవాయి దీవులలోని దూరదర్శినితో ఒక దిమ్మరిని పట్టుకున్నారు. అది మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. బృహస్పతి కంటె ఆరింతలు బరువైనది. ఇంకా పుట్టిన వేడి ఆరలేదు గనుక కనబడింది. చల్లారిపోయిన చిన్న దిమ్మరులు ఏ దుర్భిణిలోనూ కనబడవు. అవి దూరపు చుక్కకు అడ్డంగా వచ్చినప్పుడు మాత్రం, వాటి ఆకర్షణకు చుక్క వెలుగు వంగి, కొంచెంసేపు చుక్క ప్రకాశం పెరుగుతుంది. 2016లో ఇటువంటి మెరుపు ఒకటి గంటలోపే వచ్చిపోయింది. పోలండు శాస్త్రజ్ఞులు దానిని లెక్కగట్టి, అడ్డం వచ్చినది మన భూమి అంతదో, అంతకంటె చిన్నదో అయి ఉంటుందని 2020లో చెప్పారు. దాని దగ్గరలో సూర్యుడేదీ కనబడలేదు.

మన భూమే దిమ్మరి అయితే ఏమవుతుంది? లెక్క వేద్దాము. సూర్యుడు పంపే వేడిని రాత్రికీ పగటికీ, అన్ని దేశాలకూ సమంగా పంచితే, చదరపు మీటరుకు సుమారు 340 వాట్లు వస్తుంది. భూమి లోపలి నుంచి పైకి వచ్చే వేడి 0.09 వాటుకు కొంచెం తక్కువ. అంటే ఒక చిన్న గది నేల మొత్తం నుంచి వచ్చే వేడి, రాత్రిపూట వేసుకునే అర వాటు బల్బుకు సమానం. సూర్యుడు పెట్టే దానిలో దాదాపు నాలుగు వేలవ వంతు! ఆ వేడితోనే గడపవలసి వస్తే నేల మీద చలి సున్నాకు 238 డిగ్రీలు దిగువకు పోతుంది. గాలిలోని నత్రజని సున్నాకు 210 డిగ్రీల దిగువన, ప్రాణవాయువు 219 డిగ్రీల దిగువన గడ్డకడతవి. కనుక గాలి మంచులా పడిందని రాసిన కథకుడు శాస్త్రం తప్పలేదు.

పైన బతకలేము. మంచు కింద? మా సిద్దిపేట ప్రాంతపు గొల్లలు చలికి గొంగడి కప్పుకుంటారు. గొంగడి వేడి పుట్టించదు; ఒంటి వేడిని బయటకు పోనివ్వదు. సముద్రం మీది మంచు కూడా గొంగడే. కాని అర వాటు బల్బు వేడికి నీరు నీరుగా నిలవాలంటే ఆ గొంగడి పది కిలోమీటర్లకు పైగా మందం ఉండాలి. మన సముద్రాల సగటు లోతు నాలుగు కిలోమీటర్ల లోపే! కనుక అడుగుదాకా మంచే. అగ్నిపర్వతాల దగ్గర మాత్రం కొంచెం నీరు మిగలవచ్చును.

అయితే గ్రహం పెద్దదయితే లోపలి వేడీ ఎక్కువ, నీరూ ఎక్కువ. చికాగో శాస్త్రజ్ఞులు అబ్బట్, స్విట్జర్ అనేవారు 2011లో ఈ లెక్క కట్టారు. భూమి వంటి పదార్థంతోనే చేసిన గ్రహం, భూమి కంటె సుమారు మూడున్నర రెట్లు బరువైనదయితే, మంచు కింద సముద్రం నిలుస్తుందని తేల్చారు. అంతకుముందే 1999లో డేవిడ్ స్టీవెన్సన్ అనే శాస్త్రజ్ఞుడు మరొక దారి చూపాడు. గ్రహానికి దట్టమైన ఉదజని గాలి ఉంటే, మంచుకు బదులు ఆ గాలే గొంగడి అవుతుంది. అప్పుడు పైననే నీరు పారవచ్చును. ఇవన్నీ లెక్కలు. ఆ నీటిలో ప్రాణి ఉన్నదని ఎవరూ చూడలేదు. లెక్క "ఉండవచ్చును" అంటుందే గాని "ఉన్నది" అనదు. ఈ రెంటికీ ఉన్న తేడా మీరు మరువరాదు.

ఇకమీద సూర్యుడు లేని గ్రహం కథ ఏదైనా చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. అక్కడి ప్రాణికి వేడి ఎక్కడిది? తిండి ఎక్కడిది? అది దేనిని పీలుస్తున్నది? గుడ్లురిమి చూచే రాక్షసుడు కథలో వస్తే నాలుగో ప్రశ్న కూడా వేయండి: కటిక చీకటిలో వాడికి ఆ కళ్ళు ఎందుకు మిగిలినవి? జవాబు చెప్పగలిగిన కథకుడు మంచి కథకుడు.

చివరగా ఒక ముఖ్యమైన మాట. చీకటి ప్రాణులు గుహలలోనే ఉంటవనుకోకండి. కేరళలో కొట్టాయం దగ్గర బావినీటిలో దొరికిన గుడ్డి చేపను గురించి 1950లో లోకానికి తెలిసింది. రంగారెడ్డిగారికి ఎన్నో కొత్త జీవులు మామూలు బావులలోనూ బోర్లలోనూ దొరికినవి. ఇవి నేలకింది నీటికి కాపలావారు. నీటిలో ఎరువులూ మందులూ మురుగూ దిగితే మొదట దెబ్బ తినేది ఇవే. అవి కోట్ల ఏండ్లు చీకటిని తట్టుకున్నవి; మనం పోసే మురికిని తట్టుకోలేవు. వాటికి పోవడానికి మరొక చోటు లేదు. ఆ నీరే మనమూ తాగుతాము.

మన ఊళ్ళలో ఎండిన పాతబావులు చెత్తకుండీలు అవుతున్నవి. బావి ఎండినా దాని అడుగు నేలకింది నీటి దారికి తలుపే. మీ ఇంటి దగ్గర అటువంటి బావి ఉంటే అందులో చెత్త పోయవద్దని పెద్దలకు చెప్పండి. నీళ్ళున్న బావి అయితే, పెద్దవారి చేత ఒక బాల్చీడు నీరు తోడించి, తెల్లని పలుచని గుడ్డలో వడకట్టి, గుడ్డను భూతద్దంతో చూడండి. పాలరంగులో, కళ్ళు లేకుండా, నెమ్మదిగా కదిలేది ఏదైనా కనబడితే దానిని చంపకుండా మళ్ళీ బావిలోనే వదలండి. చూచినది తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి.